కొబ్బరి కొట్టులో రైలుకట్ట

బుచ్చిరాజు గారిని ఎవరైనా పొలానికి పిలిస్తే అది పంట చూడమని కాదు, నేల చూడమని. దమ్ము చేసి, బల్ల లాగి, నీరు పెట్టాక మడిలో ఒక మూల తేలుతూ ఇంకో మూల మునుగుతూ ఉంటే ఆ రైతు ఆయనకి కబురు పెడతాడు. ఆయన ఎక్సెల్ బండికి గట్టు మీద స్టాండు వేసి, చెప్పులు విప్పి, పంచె పైకి దోపి, నీటి వైపు కాసేపు చూస్తారు.

"ఆ కరెంటు స్తంభానికి ఇటు పక్కంతా మెరకండి. ఆ మట్టి ఈ మూలకి లాగించండి" అని చెప్పి, కాఫీకి కూడా ఆగకుండా వెళ్లిపోతారు.

ఆయన చెప్పిన చోట మట్టి లాగితే నీరు మడంతా సమంగా నిలుస్తుంది. కొత్తపేట మండలంలో, పలివెల చుట్టుపక్కల ఊళ్లలో ఈ సంగతి అందరికీ తెలుసు. "రాజుగారిని లెవెల్ గొట్టంతో సహా కన్నారండి వాళ్లమ్మగారు" అని వెనకాల అనుకుంటారు. ఆ మాట ఆయన చెవిన పడింది. పడినందుకు ఆయన బాధపడలేదు.

ఇంట్లో మాత్రం దీనికి మెప్పు లేదు. "మంచం కోడు కింద అట్టముక్క పెట్టుకోనిదే నిద్రపోరు. పెళ్లి భోజనాలకి వెళ్లినా ముందు బల్ల ఊగుతోందేమో చూస్తారు, తరవాతే ఆకు కడుగుతారు" అంటారు ఆయన భార్య అచ్చాయమ్మ గారు.

ఆయన ఎరిగిన భూమి అలాంటిది. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మీద పుట్టి పెరిగిన మనిషికి కొండ లేదు, గుట్ట లేదు. ఎక్కడానికి ఏటిగట్టు ఉంది, వంతెన ఉంది, అంతే. మిగతాదంతా చదును. చదునుగా లేనిది ఏదైనా ఉంటే దాన్ని చదును చెయ్యాలి. అరవై దాటిన వయసు వరకూ ఆయన పని అదే. ఆ పనిలో ఆయన ఎన్నడూ తప్పు చెయ్యలేదు. చేసిన ఒక్క తప్పూ సొంత తమ్ముడి విషయంలో జరిగింది.

తమ్ముడి పేరు గోపీకృష్ణ. విజయవాడలో రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో ఉద్యోగం చేశాడు. వంతెనలకీ, కట్టలకీ గీతలు గీయడమే అతని పని. భార్య పోయింది, పిల్లలు లేరు. రిటైరయ్యాక పెట్టె సర్దుకుని అన్నగారింటికి వచ్చేశాడు. వచ్చిన వారానికే పెరట్లో ఉన్న కొబ్బరి కొట్టు తనకి ఇమ్మని అడిగాడు. ఒకప్పుడు కాయల రాశులతో నిండి ఉండే పెద్ద గది అది. ఇప్పుడు కింద ఖాళీ. పైన అటక మీద మాత్రం కురిడీ కోసం ఎండబెట్టే కాయలు ఉంటాయి.

"ఆ కొట్టులో ఏం చేస్తావురా?" అని అడిగారు బుచ్చిరాజు గారు.

"రైలు వేస్తానన్నయ్యగారూ."

"ఎక్కణ్ణించి?"

"కోటిపల్లి నుంచి ఏరు దాటించి ఇటు తెస్తాను."

"మన తాతల నాటి నుంచి వస్తుంది వస్తుందంటున్న రైలు నువ్వు తెస్తావా? గవర్నమెంటు వల్లే కావట్లేదు."

"గవర్నమెంటుకి భూసేకరణ ఇబ్బంది ఉందండి. నాకు వదినగారు ఒప్పుకుంటే చాలు."

అచ్చాయమ్మ గారు నవ్వి, "నా కురిడీ కాయల జోలికి రాకపోతే ఎక్కడికైనా వేసుకోండి బాబూ" అన్నారు.

అలా మొదలైంది. గోడల వెంబడి నడుమెత్తు బల్లలు వేయించాడు. గుమ్మం పక్కన కోటిపల్లి స్టేషను, మధ్యలో బల్లని కోసి నీలం రంగు వేసిన గోదావరి, అవతలి గోడ వైపు కొబ్బరి ఈనెలతో చేసిన తోటలు. ఇంజను అరచేతి కంటే కొంచెం పొడుగు. కొరియర్‌లో వచ్చింది. ఇంజను కంటే, తోటల కంటే గోపీకృష్ణ ఎక్కువ కాలం పెట్టింది పట్టాల కింద వేసే కట్ట మీద. గాలివానకి పడిపోయిన తమ కొబ్బరిచెట్టు మొద్దు కోయించి, చిన్న చిన్న దిమ్మలు చేసుకున్నాడు. దిమ్మల మీద సన్నటి ప్లైవుడ్ పట్టీ, పట్టీ మీద కార్క్ షీటు, దాని మీద పట్టాలు. చప్పుడు మింగడానికి కార్కు, బరువు మొయ్యడానికి దిమ్మలు.

బుచ్చిరాజు గారు పొలం నుంచి వస్తూ గుమ్మంలో ఓ నిమిషం నిలబడేవారు. "ఇన్నాళ్లయింది, ఇంకా పట్టాలు పడలేదేవిట్రా?" అనేవారు.

"పట్టాలు వెయ్యడం ఒక పూట పనండి. కట్టే పని. రైలుకి ఎక్కడం ఇష్టం ఉండదన్నయ్యగారూ. ఎక్కుతున్నట్టు దానికి తెలియకూడదు" అనేవాడు గోపీకృష్ణ.

అన్నగారు ఊఁ కొట్టేవారు. ఆ ఊఁ తమ్ముడి మాటకి కాదు. ఆయన బుర్రలో అప్పుడు పొలం బోదెకి గండి పడిన సంగతి తిరుగుతూ ఉండేది.

బతుకంతా కాగితం మీద గీసిన మనిషి ఇంట్లో మాత్రం ఒక్క గీతా గీసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఆఫీసు పని ఆఫీసులోనే వదిలేసేనండి" అన్నాడట. లెక్క అంతా అతని తలలోనే ఉంది.

భాద్రపదంలో, వాన వెలిసిన ఒక పొద్దున, కాఫీకి రాలేదేమని అచ్చాయమ్మ గారు వెళ్లి చూస్తే గోపీకృష్ణ బల్ల కింద పడి ఉన్నాడు. పడుతూ పడుతూ బల్లని పట్టుకోబోయినట్టున్నాడు. ఒక పక్క దిమ్మలన్నీ ఊడి నేలంతా చెల్లాచెదురుగా ఉన్నాయి. కొత్తపేట తీసుకెళ్లారు, అక్కణ్ణించి కాకినాడ. ప్రాణం దక్కింది. పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది.

ఇంటి అరుగులు ఎత్తు, మెట్లు ఎక్కువ. చక్రాల కుర్చీ తిరిగేది కొబ్బరి కొట్టులోనే. అందుకని మంచం అక్కడే వేశారు. ఒక పక్క సగంలో ఆగిన రైలుకట్ట, ఇంకో పక్క గోడ. గోపీకృష్ణ గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

కొత్తపేట నుంచి ప్రియాంక అనే ఫిజియోథెరపీ అమ్మాయి స్కూటీ మీద వచ్చేది. అవునంటే బొటనవేలు ఎత్తమని, కాదంటే దించమని ఎడమ చేతికి నేర్పాలని చూసింది. మంచినీళ్లు కావాలా అంటే ఎత్తేవాడు, గ్లాసు నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసేవాడు. చెప్పాలనుకున్నదానికీ వేలికీ పొంతన కుదరలేదు. కొన్నాళ్లకి అందరూ ఆ ప్రయత్నం మానేశారు.

"ఇంకోటండి" అంది ప్రియాంక ఒకరోజు. "ఈ జబ్బులో ఏడుపు ఊరికే వస్తుంటుంది. ఒక్కోసారి నవ్వు కూడా. దానికి కారణం ఉండక్కర్లేదు. మీరు కంగారు పడిపోకండి."

ఆ మాట ఇంట్లో అందరికీ బాగా గుర్తుండిపోయింది.

అసలు భయం తిండి దగ్గర. నాలుగు ముద్దలు తింటే ఎక్కువ. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందని, గొట్టం దాకా వెళ్లిన మనిషి కోలుకోవడం కష్టమని డాక్టరు చెప్పారు. మధ్యాహ్నం అన్నం మాత్రం బుచ్చిరాజు గారే మెత్తగా కలిపి తినిపించేవారు. ఆయన చేతి ముద్ద గోపీకృష్ణ కాస్త ఇష్టంగానే తీసుకునేవాడు. ఆ నాలుగు ముద్దలు ఎనిమిది కావాలి. తమ్ముడు గోడ వదిలి ఇటు తిరగాలి. బుచ్చిరాజు గారికి ఆ రోజుల్లో మరో ఆలోచన లేదు.

"ఆయనకి ఇష్టమైంది ఏదైనా కళ్ల ముందు పెట్టండి" అని కూడా ప్రియాంక అంది. ఇష్టమైంది కళ్ల ముందే ఉంది, సగంలో. దాన్ని పూర్తి చేద్దామని బుచ్చిరాజు గారు నిర్ణయించుకున్నారు. నాట్లు అయిపోయి, కోతలకి ఇంకా టైముంది. ఊళ్లో వడ్రంగి మాణిక్యాన్ని పిలిపించారు.

మాణిక్యం నీళ్ల గొట్టం తెచ్చాడు. ఇద్దరూ గొట్టం చెరో చివర పట్టుకుని బల్లంతా లెవెల్ చూశారు. బల్ల సరిగ్గా ఉంది. దిమ్మలే తేడాగా ఉన్నాయి. ఊడిపోయినవి ఏరి అచ్చాయమ్మ గారు గోనెసంచిలో పోసి ఉంచారు. అతికించి ఉన్నవి కొన్ని మిగిలాయి.

"ఇవి చూసేరాండి?" అన్నాడు మాణిక్యం వంగి. "ఊడనివి కూడా సమంగా లేవు. దీనికన్నా ఇది ఒక నూలు, అరపావు అంగుళం ఎత్తు, దీనికన్నా అది ఇంకో నూలు. ఏటి వైపు పోనుపోను పెరుగుతున్నాయి. చిన్నరాజుగారు కావాలని పెట్టేరేమోనండి."

"కావాలని ఎందుకు పెడతాడు? పడిపోక ముందు నుంచే చెయ్యి లాగుతోందన్నాడు. కొలత తప్పేడు, పాపం."

"అంత మనిషి కొలత తప్పుతారంటారా?"

"జబ్బు మనిషిని చూసి వస్తుందేవిట్రా? నువ్వు రంపం తియ్యి."

"ఆయ్, మీరెలా అంటే అలాగేనండి. లెవెల్ విషయంలో మీకు చెప్పే మొనగాడు ఈ తాలూకాలో లేడు" అన్నాడు మాణిక్యం.

అన్నిటికన్నా పొట్టి దిమ్మని పక్కన పెట్టుకుని మిగతావన్నీ దాని ఎత్తుకి కోయడం మొదలుపెట్టారు. కొబ్బరి చెక్క గట్టిది, రంపం కీచుమంటూ దిగుతోంది. ఆ చప్పుడుకి గోపీకృష్ణ గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. బుచ్చిరాజు గారి మొహం వెలిగింది.

"చూసేవా, తిరిగేడు!"

గోపీకృష్ణ గొంతులోంచి ఏదో శబ్దం చేశాడు. ఎడమ చేత్తో మంచం పట్టెని కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి.

"ఏడవకురా, ఇంకెంత, అయిపోవచ్చింది" అన్నారు బుచ్చిరాజు గారు ప్రేమగా. అచ్చాయమ్మ గారు కొంగుతో మొహం తుడిచి, నీళ్లు తాగించబోయారు. పళ్లు బిగించాడు. "జబ్బు ఏడుపు. ఆ అమ్మాయి చెప్పింది కదా" అనుకున్నారు. చివరి దిమ్మ కోసేసరికి మంచం పట్టె మీద చప్పుడు ఆగిపోయింది. కోసిన ముక్కలు అచ్చాయమ్మ గారు చేటలోకి ఎత్తుకుపోయారు.

ఆ మర్నాడు బుచ్చిరాజు గారు అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే గోపీకృష్ణ నోరు తెరవలేదు. బుజ్జగించారు, కోప్పడ్డారు. తెరవలేదు. అచ్చాయమ్మ గారు చెంచాతో పెడితే రెండు ముద్దలు తిన్నాడు. తరవాత రోజూ అంతే.

"నా చేతి ముద్ద ఏం పాపం చేసింది?" అన్నారు బుచ్చిరాజు గారు.

"ఉప్పు ఎక్కువేస్తున్నారేమో చూసుకోండి" అన్నారావిడ. తేలిగ్గా అనాలని అన్నారు. ఆయన నిజంగానే ఉప్పు చూసుకున్నారు. తగ్గించి చూశారు, పెరుగు కలిపి చూశారు.

కట్ట పూర్తయింది. పట్టీ, కార్కు, పట్టాలు అన్నీ పడ్డాయి. గోదావరి మీద ఒక చెక్క వేసి ఇవతలి నుంచి అవతలికి కలిపేశారు. కరెంటు పనికి రావులపాలెం నుంచి వినయ్ అని ఒక కుర్రాడు వచ్చి వైర్లు కలిపి వెళ్లాడు. బుచ్చిరాజు గారు మీట తిప్పితే ఇంజను కోటిపల్లిలో బయల్దేరి, గోదావరి దాటి, తోటల్లోకి వెళ్లి వచ్చింది. ఎక్కడా ఊగలేదు. పట్టాల మీద గ్లాసుతో నీళ్లు పెడితే తొణకవు. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి, "కోటిపల్లి రైలు ముందుగా రాజుగారి దొడ్లోకి వచ్చిందండోయ్" అన్నారు. గోపీకృష్ణ గోడ వైపే ఉన్నాడు. ఒక్కసారీ చూడలేదు. మనిషి తగ్గిపోతున్నాడు. మణికట్టు దగ్గర ఎముక బయటికి కనిపిస్తోంది.

మాఘంలో కురిడీ కాయలు దించే రోజు వచ్చింది. పాలేరు అప్పన్న అటక ఎక్కి బుట్టల్లో కాయలు దించుతున్నాడు. అచ్చాయమ్మ గారు కింద నిలబడి ఊపి చూసి, లోపల కొబ్బరి గలగలలాడినవి ఒక పక్కకీ కానివి ఒక పక్కకీ వేస్తున్నారు.

"అమ్మగారూ, కాయల వెనకాల ఏదో మూటుందండి. పాత పంచెలో కట్టేరు. బరువేం లేదు" అన్నాడు అప్పన్న పైనుంచి.

"నా కాయల జోలికి రావద్దన్నాను, కాయల వెనకే దాచేడూ!" అన్నారావిడ. "నెమ్మదిగా దించు."

విప్పితే వంతెన. సన్నటి చెక్క ముక్కలతో ఇనుప దూలాల్లా అల్లి, బూడిదరంగు వేసిన వంతెన. కింద వరసగా స్తంభాలు. కొట్టులో తేమ తగలకుండా కురిడీ కాయల మధ్య, పొడిగా ఉండే చోట దాచాడు. బుచ్చిరాజు గారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెళ్లి, తాము వేసిన చెక్క తీసేసి, గోదావరిలో నిలబెట్టారు. స్తంభాలు ఆయా చోట్ల సరిగ్గా కూర్చున్నాయి. వంతెన మీది పట్టాలు మాత్రం ఆయన వేసిన పట్టాల కంటే నాలుగు వేళ్లు పైన ఉన్నాయి.

"ఇదీ ఎత్తు ఎక్కువ చేసేడు" అన్నారు ముందు, అలవాటుగా.

ఆ తరవాత ఆయన వంతెన వైపు చూశారు. తాము కోసి చదును చేసిన కట్ట వైపు చూశారు. ఏటి వైపు పోనుపోను పెరుగుతున్నాయండి అని మాణిక్యం అన్న మాట అప్పుడు ఆయనకి వినపడింది. అచ్చాయమ్మ గారు చేతిలో కాయ పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"ఆ వేళ ఆ ఏడుపు..." అని ఆగిపోయారావిడ.

"ముక్కలేవి?" అన్నారు బుచ్చిరాజు గారు.

"ఏ ముక్కలండీ?"

"కోసిన ముక్కలు. దిమ్మలవి."

"నీళ్ల పొయ్యిలో పెట్టేసేను కదండీ. ఆయన స్నానాలకే కాగబెట్టేను."

అప్పన్న అటక మీద నుంచి, "ఇంకా దించమంటారా అమ్మగారూ?" అని అడిగాడు.

బుచ్చిరాజు గారు మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. తమ్ముడి వీపు కనిపిస్తోంది.

"ఒరేయ్ గోపీ. వంతెన దొరికింది. నువ్వు కట్ట ఎత్తుకుంటూ వెళ్లేవు. నేను సాపు చేసేసేను. నాకు అదొక్కటే వచ్చురా."

వీపు కదల్లేదు. అచ్చాయమ్మ గారు భోజనానికి పిలిస్తే ఆయన లేచారు.

మర్నాడు ప్రియాంక వచ్చినప్పుడు అడిగారు. "ఏడుపు జబ్బుదో మనిషిదో ఎలా తెలుస్తుందమ్మా?"

"మాకు కూడా తెలీదండి ఒక్కోసారి" అంది ఆ అమ్మాయి. "అప్పుడు చుట్టూ ఏం జరుగుతోందో చూసుకోవాలి."

ఆయన తల ఊపారు. ఆ అమ్మాయిని ఏమీ అనలేదు. అనడానికి ఏమీ లేదని ఆయనకి తెలుసు.

మళ్లీ ఎత్తు పెట్టాలి. ఎంత ఎత్తు, ఎక్కడ మొదలు, ఎక్కడికి ఎంత? బుచ్చిరాజు గారికి ఎత్తు పెట్టడం రాదు. చేతికి అలవాటు లేని పని. ఎక్సెల్ బండి మీద రావులపాలెం మీదుగా వెళ్లి, జొన్నాడ వంతెన దగ్గర బండి దిగారు. పెళ్లిళ్లకీ, ఆసుపత్రులకీ, ఆఖరికి తమ్ముణ్ణి కాకినాడ తీసుకెళ్లినప్పుడూ ఆ వంతెన మీదుగానే వెళ్లారు. అది ఎక్కుడు అని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు రోడ్డు పక్కన నిలబడి చూశారు. అరటి గెలల లారీ ఒకటి దూరం నుంచి వస్తోంది. గెలలు నిండుగా ఉన్నాయి. వంతెన ఇంకా చాలా దూరం ఉండగానే ఇంజను గొంతు మారింది. నేల అక్కణ్ణించే లేస్తోందన్నమాట. కంటికి తెలియడం లేదు. మడిలో నీరు చూసి మెరక చెప్పే కంటికి కూడా తెలియలేదు.

ఎక్కుతున్నట్టు దానికి తెలియకూడదని గోపీ అన్న మాట ఆయనకి గుర్తొచ్చింది. గుమ్మంలో నిలబడి ఊఁ కొట్టింది కూడా గుర్తొచ్చింది.

మాణిక్యం వచ్చి పట్టాలు, పట్టీ అన్నీ ఊడదీశాడు. "ముందే అన్నానండి" అనలేదు. అనకపోవడం బుచ్చిరాజు గారు గమనించారు. "నువ్వు ముందే అన్నావు" అని ఆయనే అన్నారు.

"నేనూ కోసేను కదండి" అన్నాడు మాణిక్యం.

కొత్త దిమ్మలు కోసి, జొన్నాడలో చూసింది మనసులో పెట్టుకుని, వంతెన దాకా కట్ట లేపారు. ఇంజను వదిలారు. కోటిపల్లి నుంచి బాగానే వచ్చింది. సగం దారిలో చక్రాలు అక్కడే తిరుగుతుంటే ఇంజను సన్నగా మూలగడం మొదలుపెట్టింది. మళ్లీ వదిలారు. మళ్లీ అక్కడే. మూడోసారి మీట పూర్తిగా తిప్పారు. చక్రాలు గిర్రున తిరిగాయి, బండి వెనక్కి జారింది.

మంచం కిర్రుమంది. గోపీకృష్ణ ఇటు తిరిగి చూస్తున్నాడు.

కళ్లు అన్నగారి మీద లేవు. ఇంజను ఆగిన చోటు మీద ఉన్నాయి. గోదావరిలో నిలబెట్టిన వంతెన మీదికి వెళ్లి, మళ్లీ ఆ చోటుకి వచ్చాయి.

బుచ్చిరాజు గారు మాణిక్యం సాయంతో తమ్ముణ్ణి కుర్చీలోకి ఎత్తి, కుర్చీ బల్ల దగ్గరికి తోశారు. దిమ్మలన్నీ తీసేశారు. పట్టీ ఒక చివర కోటిపల్లిలో, ఒక చివర వంతెన మీద ఆనించారు. మధ్యలో కిందికి వేలాడుతోంది. "ఇంతా? ఇంకానా?" అని అడగడం మొదలుపెట్టి మానేశారు. బొటనవేలితో పని కాదని తెలుసు. తమ్ముడి ఎడమ చెయ్యి తీసుకుని పట్టీ కింద పెట్టారు.

చెయ్యి అలాగే పడి ఉంది. వేళ్లు చెక్కకి తగిలీ తగలనట్టు ఉన్నాయి. బయట ఎవరో కాయలు ఒలుస్తున్న చప్పుడు వస్తోంది.

"మాణిక్యం, టీ తాగొద్దువు గానీ వెళ్లు" అన్నారు బుచ్చిరాజు గారు.

మాణిక్యం టీ తాగి వచ్చేసరికి చెయ్యి లేచి ఉంది. అరచెయ్యి పట్టీకి ఆనించి, వేళ్ల మీద మోస్తూ పట్టుకున్నాడు. వణుకుతోంది. కొంచెం దించాడు, తల వంచి పట్టాల ఎత్తుకి కన్ను పెట్టి చూశాడు, మళ్లీ కొంచెం లేపాడు. ఆఫీసులో అన్నేళ్లూ బొమ్మ మీదికి అలాగే వంగి ఉంటాడు. ఒక ఎత్తు దగ్గర చెయ్యి ఆగింది.

"గుర్తు పెట్టు, గుర్తు పెట్టు!" అన్నారు బుచ్చిరాజు గారు. మాణిక్యం పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ సందుకి సరిపోయే దిమ్మ కోశాడు. కొబ్బరి చెక్క కీచుమంది. గోపీకృష్ణ మంచం పట్టెని కొట్టినట్టు దేన్నీ కొట్టలేదు. దిమ్మ లోపలికి దూరాక చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ పూట అంతే. రెండు దిమ్మలకే చెయ్యి అలిసిపోయింది. మధ్యాహ్నం అచ్చాయమ్మ గారు మెత్తగా కలిపిన అన్నం గిన్నె తెచ్చి, ఎవరి చేతికీ ఇవ్వకుండా బల్ల మీద, కోటిపల్లి స్టేషను పక్కన పెట్టి వెళ్లిపోయారు. కాసేపు ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. తరవాత బుచ్చిరాజు గారు చెయ్యి కడుక్కుని ముద్ద చేశారు.

గోపీకృష్ణ దాని వైపు చూశాడు. నోరు తెరవడానికి సమయం తీసుకున్నాడు. తెరిచాడు.

"ఉప్పు సరిపోయిందా?" అని గుమ్మం అవతల నుంచి అడిగారు అచ్చాయమ్మ గారు. బుచ్చిరాజు గారు రెండో ముద్ద చేస్తున్నారు.

రెండో పంట దాళ్వా కోతలు మొదలయ్యేసరికి ఇవతలి కట్ట పూర్తయింది. ఒక్కో పూట ఒకటి, బాగున్న రోజు మూడు. గోపీకృష్ణకి మాట రాలేదు. వస్తుందని ప్రియాంక కూడా చెప్పడం లేదు. ఇంకా సన్నగానే ఉన్నాడు గానీ గొట్టం మాట డాక్టరు ఎత్తడం మానేశారు. అవతలి ఒడ్డున దిగుడు కట్ట ఇంకా వెయ్యాలి. ఇప్పటికి రైలు కోటిపల్లిలో బయల్దేరి, ఎక్కుతున్నట్టు కనిపించకుండా ఎక్కి, వంతెన నడిమిదాకా వెళ్లి ఆగుతుంది.

ఊరికే పరిచి ఉంచిన పట్టాలు గట్టిగా బిగించే ముందు మాణిక్యం కట్ట మీద వేళ్లతో తడిమి చూశాడు. సగం దారి దాటాక ఒక చోట ఆగాడు.

"రాజుగారూ, ఇక్కడ నూలు మెరక వచ్చేసిందండి. చిన్నరాజుగారి చెయ్యి వణికినప్పుడు గుర్తు పెట్టినట్టున్నాను. చిత్రిక పట్టేస్తే సాపైపోద్ది."

ఆ మెరక బుచ్చిరాజు గారు ఆ దిమ్మ పెట్టిన రోజే చూశారు.

"వద్దు."

"బండి ఊగుద్దండి అక్కడ."

"ఊగనీ" అన్నారు ఆయన, మీట మీద తమ్ముడి ఎడమ చెయ్యి పెడుతూ.